ఎనభై ఏడో బంతి

పోయిన మంగళవారం పొద్దున క్లాసు మధ్యలో ఫోన్ మోగింది. చూస్తే మా పాత జట్టు వాట్సాప్ గ్రూపు. పండగ శుభాకాంక్షలు తప్ప ఏడాదిలో ఇంకేమీ రాని గ్రూపు అది. "భాయ్ పోయాడు. గుండెపోటు" అని ఒకడు పెట్టాడు. కింద వరసగా దండాల బొమ్మలు. పావుగంట తిరక్కుండానే ఇంకొకడు పాత వీడియో ముక్క ఒకటి పెట్టి రాశాడు: "పాపం, మంచివాడు. ఆ రోజు ఆ ఒక్క బంతి తప్పు వేయకపోయుంటే కప్పు మనదే."

ఒళ్ళు మండిపోయింది. మనిషిని ఇంకా ఇంట్లోంచి బయటికైనా తీసుకెళ్ళలేదు, అప్పుడే తప్పెవరిదో తేల్చేశారు! పిల్లల్ని పది నిమిషాలు ఆగమని చెప్పి, అమీర్‌పేటలో నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్ మెట్ల మీద కూర్చుని టైపు చేశాను. "ఆ బంతి భాయ్ సరిగ్గానే వేశాడు. పట్టుకోవాల్సింది నేను. వదిలేసింది నేను."

వచ్చిన జవాబులు చూడండి. "నీది గొప్ప మనసు బ్రదర్." "పోయినవాళ్ళ గురించి ఇలాగే మాట్లాడాలి." ఇంకొకడు ఎర్ర గుండె బొమ్మ పెట్టాడు. ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు. నిజం చెప్తే మర్యాద అనుకున్నారు! అసలు సంగతి తెలిసినవాళ్ళలో ఆ గ్రూపులో మిగిలింది నేనొక్కణ్ణే కాబట్టి, అక్కడ నమ్మకపోతే ఇక్కడ రాస్తాను. భాయ్ పేరు మాత్రం రాయను. ఆడినన్నాళ్ళూ ఏ స్కోరు కాగితం మీదా ఎక్కని పేరు అది, దాని గురించి ఆయన ఏనాడూ బాధపడలేదు. పంజాగుట్టలో అందరికీ భాయ్. నాకూ భాయే.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి, లేకపోతే ఏదీ అర్థం కాదు. అమెరికా వాళ్ళు దాన్ని ఫుట్‌బాల్ అంటారు గానీ అందులో కాలితో తన్నేది తక్కువ, బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తేది, ఒకరి మీద ఒకరు పడేది ఎక్కువ. బంతి కూడా గుండ్రంగా ఉండదు, కోలగా, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. కొన్నేళ్ళ క్రితం ఎవరో డబ్బున్నవాళ్ళు దాన్ని మన దేశంలో ఆడించాలని లీగ్ పెట్టారు. హైదరాబాద్‌కి ఒక జట్టు, పంజాగుట్టలో దానికో ఆఫీసు. కబడ్డీ వాళ్ళు, కుస్తీ వాళ్ళు, జిమ్ముల్లో బరువులెత్తేవాళ్ళు, దొరికినవాళ్ళందరినీ పోగేసి, అమెరికా నుంచి ఒక కోచ్‌ని తెచ్చి, నెల జీతం మీద పెట్టుకున్నారు. నేను అప్పుడు తణుకు నుంచి కోర్సు నేర్చుకుందామని వచ్చి మధురానగర్ హాస్టల్లో ఉండేవాణ్ణి. కాలేజీలో మామూలు ఫుట్‌బాల్ ఆడిన ధైర్యంతో సెలక్షన్‌కి వెళితే తీసేసుకున్నారు.

భాయ్‌ని ఎవరూ సెలక్షన్‌కి పిలవలేదు. అప్పటికే ముప్ఫై దాటిన మనిషి. ఎండాకాలం పంజాగుట్ట రోడ్డు పక్కన పుచ్చకాయలు, మిగతా రోజుల్లో సీతాఫలాలో జామకాయలో అమ్మేవాడు. ఒకరోజు మా కోచ్ క్యాబ్‌లో వస్తూ అక్కడి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. రోడ్డు పక్కన లారీలోంచి కాయలు దించుతున్నారు. పైవాడు కింద కుప్ప పోస్తుంటే, భాయ్ ఆ కుప్ప ముందు వంగి, ఒక్కో కాయా తీసి, కాళ్ళ మధ్యనుంచి వెనక్కి విసురుతున్నాడు. వెనక ఉన్నవాడు అడుగు కదపకుండా పట్టి పేరుస్తున్నాడు. లేచి తిరిగి ఇవ్వడం టైం దండగ అని భాయ్ కనిపెట్టుకున్న పద్ధతి అది. కోచ్ క్యాబ్ దిగిపోయి, లారీ ఖాళీ అయ్యేదాకా నిలబడి చూశాడు. ఒక్క కాయ కూడా పగల్లేదు. డ్రైవర్ చేత "ఉద్యోగం చేస్తావా" అని అడిగిస్తే భాయ్ నడుం పట్టుకుని లేచి, "చేస్త. ఏం కాయ సార్? ఎన్ని టన్నులు?" అన్నాడట.

ఆయన ఉద్యోగం ఇదీ. బంతిని గోల్ మీదికి తన్నాల్సి వచ్చినప్పుడు ఒకడు వంగి, కాళ్ళ మధ్యనుంచి దాన్ని వెనక్కి పంపాలి. ఏడెనిమిది గజాల వెనక ఇంకొకడు మోకాలి మీద కూర్చుని, పట్టి, నేల మీద నిలబెట్టి వేలితో ఆపుతాడు. మూడోవాడు పరిగెత్తుకొచ్చి తన్నుతాడు. రెండు చిటికెలు వేసేంతలో ఇదంతా అయిపోవాలి. వంగేవాడు భాయ్. స్నాపర్ అంటారు. మోకాలి మీద కూర్చునేవాణ్ణి నేను. ఆట మొత్తంలో భాయ్ గ్రౌండ్‌లోకి వచ్చేది నాలుగైదుసార్లు. సరిగ్గా వేస్తే అసలు అక్కడొక మనిషి ఉన్నాడనే ఎవరికీ తట్టదు. తప్పు వేస్తేనే అందరికీ పేరు తెలుస్తుంది.

"పట్టేటోని చేతులు బంతి కోసం ఎతకొద్దు తమ్మీ. బంతే వచ్చి చేతుల్ల కూసోవాలె" అనేవాడు. నేనేమో మొదటి వారం అటూ ఇటూ గెంతేవాణ్ణి. "గట్ల ఆగమాగం చేయకు. నువ్వు కూసో. నేను పంపిస్త గద" అని కసిరేవాడు. కూర్చున్నాను. వచ్చింది. ఎప్పుడూ అదే ఎత్తున, రెండు అరచేతుల మధ్యకి, ప్రతిరోజూ అంతే.

నన్ను ఆయన ఎక్కువగా చూసింది తలకిందులుగానే. రెండు కాళ్ళ మధ్యనుంచి చూసీ చూసీ నా మొహం కన్నా నా మోకాళ్ళే ఆయనకు బాగా తెలుసు. "ఏంది, నాష్తా చేయలే? మోకాలు వణుకుతుంది" అనేవాడు. హాస్టల్ ఉప్మా చూసి పారిపోయొచ్చానని నేను ఒప్పుకునేదాకా బంతి వేసేవాడు కాదు.

ఇంట్లో కూడా ఏ వస్తువూ చేతికిచ్చే అలవాటు లేదు. తాళం చెవులు, బిస్కెట్ ప్యాకెట్లు, కోడిగుడ్లు, అన్నీ విసరడమే. వాళ్ళావిడని మేమంతా ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళం. "గుడ్లు సుత ఇసురుతడు మీ భాయ్" అని నాతో మొర పెట్టుకుంది. "పగులుతున్నాయా ఆపా?" అన్నాను. "ఒక్కటి పగలలే! అదే నా బాధ. పగిలితే తిట్టనీకి ఒక మోకా దొరుకుతుండె" అంది.

బంధువులకి మాత్రం ఈ ఉద్యోగం నవ్వులాటగా ఉండేది. ఒకసారి వాళ్ళింట్లో నేనుండగానే ఒక పెద్దమనిషి, ఏదో ఆఫీసులో హెడ్‌క్లర్కు, బిర్యానీ తింటూ అడిగాడు. "వంగి వెనకకు ఇసిరేదానికి జీతమా? గోల్స్ ఎన్ని కొట్టినవ్ ఇప్పటిదాంక?"

"ఒక్కటి కొట్టలే" అన్నాడు భాయ్.

"మరి?"

"నువ్వు ఆఫీసుల వంగుతవ్ గద, ఎవని ముంగట వంగుతవో వాడు నీకు జీతమిస్తడు. నేను ఎవని ముంగట వంగుతనో వాడు నన్ను గుద్దనీకి నిలబడతడు. అయినా వంగుత. బంతి వదిలినంకనే దెబ్బ ఎట్లుంటదో చూస్త. ఉన్నదా నీకు గంత దమ్ము?"

పెద్దమనిషి ఎముక పక్కన పెట్టి నీళ్ళు తాగాడు. ఆపా పెరుగు చట్నీ గిన్నె ఆయన ముందుకి జరిపి, "తినుర్రి, ఈయన గట్లనే మాట్లాడతడు" అంది. భాయ్ మాట వెనక్కి తీసుకోలేదు.

గోడ మీద ఒక ఫోటో ఉండేది. మ్యాచ్‌లో ఎవరో తీసింది. వంగిన వీపు, రెండు చేతులు, బంతి. మొహం లేదు. ఎవరొచ్చినా "గిది నేనే" అని చూపించేవాడు. మొహం ఏదని అడిగినవాళ్ళకి "మొహం అందరికీ ఉంటది" అనేవాడు.

ఇక ఆ బంతి సంగతి. ఫైనల్. చివరి నిమిషం. రెండు పాయింట్లు వెనకున్నాం, గోల్ మీదికి తన్నింది పడితే మూడు వస్తాయి, ఆ ఒక్క తన్నుతో గెలవొచ్చు. అందరి కళ్ళూ తన్నేవాడి మీదే. భాయ్ వెళ్ళి వంగాడు. నేను మోకాలి మీద కూర్చున్నాను. మా మధ్య ఒక ఒప్పందం ఉంది. నేను అరచెయ్యి తెరిచి చూపిస్తే సిద్ధంగా ఉన్నానని. చూపించాక ఏ క్షణమైనా బంతి వస్తుంది. చూపించాను.

చూపించి, నేలని తాకి కళ్ళకద్దుకున్నాను.

ఎందుకు చేశానా అని ఈ రోజుకీ కోపమే నా మీద నాకు. మా ఇంట్లో ఏది మొదలుపెట్టినా మొక్కి మొదలుపెట్టడం అలవాటు. పరీక్ష పేపరు, కొత్త చొక్కా, బస్సు మెట్టు, అన్నిటికీ దండమే. ఆ రోజు భయానికి చెయ్యి దానంతట అదే పోయింది. చెయ్యి కళ్ళ మీదుండగా బంతి వచ్చింది, ఎప్పుడూ వచ్చే చోటికే. అక్కడ నా చేతులు లేవు. గుండెకి తగిలి దొర్లిపోయింది. అవతలివాళ్ళు దాని మీద పడ్డారు. అయిపోయింది. వీడియోలో కనపడేది దొర్లే బంతి, దాని వెనక పాకుతున్న నేను, అంతే. స్నాపర్ తప్పు వేశాడని మైకులో అన్నారు. అందరూ అదే అన్నారు.

డ్రెస్సింగ్ రూములో కోచ్ అరుస్తుంటే నేను వంగి బూటు లేసులు విప్పుతున్నాను. అప్పటికే విప్పేసిన లేసులు! భాయ్ ఎదురు బల్ల మీద కూర్చుని నావైపు కాసేపు చూశాడు. తర్వాత కోచ్‌తో "బంతి మంచిగనే పోయింది" అని ఒక్కమాట అన్నాడు. మరి ఏమైందని కోచ్ అడిగితే "నా చేతులకెళ్ళి మంచిగ పోయింది. నాకు తెల్సింది గంతే" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. వచ్చే సీజను జాబితా తయారవుతోంది. ఉద్యోగం వచ్చిందని ఇంట్లో అంతకుముందే చెప్పాను, నాన్న ఊరంతా చెప్పుకున్నారు. కారణాలు ఎన్నయినా ఉంటాయి. పిరికితనం అని ఒక్కమాటలో చెప్పేస్తే సరిపోతుంది.

తిరుగు రైల్లో భాయ్ కిటికీ పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తూ అన్నాడు. "మొక్కుడు తప్పు కాదు తమ్మీ. నేను సుత లోపల బిస్మిల్లా అనుకుంట. కానీ చెయ్యి చూపెట్టక ముందు మొక్కాలె." తలకిందులుగా అంతా చూశాడన్నమాట. క్షమించమని నేను అడగలేదు. పల్లీలు కొన్ని నా ఒళ్ళోకి విసిరాడు.

చివర చెప్పాల్సింది ఒకటుంది, దానికి ముందు తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్పేస్తాను. రెండు నెలలకే లీగ్ మూతపడింది. కోచ్ వెళ్ళిపోయాడు, జట్టు చెల్లాచెదురైంది, ఆఫీసున్న చోట పళ్ళ డాక్టరు వచ్చాడు. నేను మళ్ళీ కోర్సు పట్టుకున్నాను, ఆయన మళ్ళీ కాయలు పట్టుకున్నాడు. అయినా ఏం చేస్తావని ఎవరడిగినా "ప్రొఫెషనల్ ప్లేయర్" అనేవాడు. ఇప్పుడు లీగ్ లేదుగా అంటే, "లీగ్ పోయింది. నేను యాడికి పోయిన? గీడనే ఉన్న" అనేవాడు.

హాస్టల్ కుర్రాళ్ళు ఇద్దరు ఎక్కడో ఆ వీడియో పట్టుకుని ఒకసారి ఆయన కాయల బండి దగ్గరికొచ్చారు. "భాయ్, ఇది నువ్వేనా? తప్పేశావుగా!" అని ఒకటే నవ్వు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవబోయేలోగా భాయ్ పుచ్చకాయ ముక్క ఒకటి నా చేతిలో పెట్టేశాడు. "తిను. గీళ్ళకెందుకు చెప్పుడు?" అన్నాడు. వాళ్ళతో మాత్రం, "నేనే. మళ్ళొకసారి చూడు. చూసి చూసి కండ్లు పోయినా తప్పు దొరకదు" అన్నాడు. వాళ్ళకి అర్థం కాలేదు. కాయ కొనుక్కుని పోయారు.

ఇప్పుడు ఆ చివరిది. ఫైనల్ అయిన వారానికి, లీగ్ మూతపడకముందు జరిగింది. పొద్దున పదింటికి భాయ్ మా హాస్టల్‌కి వచ్చాడు. ఒంటి మీద జట్టు జెర్సీ, చంకలో బంతి. "ఆఫీసుల దస్కత్ పెట్టి పొమ్మన్నరు. నడువ్" అన్నాడు. నేనెందుకంటే "పట్టనీకి" అన్నాడు. మధురానగర్ నుంచి అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట దాకా, అప్పుడే లేస్తున్న మెట్రో స్తంభాల పక్కన దుమ్ములో నడిచాం.

జట్టు ఆఫీసు మేనేజర్ గారు మా జిల్లా వారే. నన్ను చూసి "ఏంటి బాబూ, నువ్వొచ్చావేంటి?" అని కుర్చీ చూపించారు. భాయ్ ముందుకి ఒక కాగితం తోశారు. "నా తప్పు వల్లే జట్టు ఓడింది, నా అంతట నేనే తప్పుకుంటున్నాను" అని దాని సారాంశం. భాయ్ నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. "నా తప్పు వల్లే" అన్న చోట రెండుసార్లూ తడబడ్డాను.

"గిది అబద్ధం సార్. అబద్ధం మీద దస్కత్ పెట్ట."

"ఒక్క సంతకమేగా భాయ్. మర్యాదగా పంపిస్తున్నాం."

"మర్యాద మీరిచ్చేది కాదు. నా చేతుల ఉన్నది. కిందికి రార్రి, నూరు బంతులు వేస్త. ఒక్కటి తప్పు పోయినా దస్కత్ పెట్టి పోత."

మేనేజర్ గారికి సరదా పుట్టిందో, పీడ విరగడవుతుందనుకున్నారో, సరేనన్నారు. సెల్లార్‌లో స్కూటర్లు పక్కకి జరిపించారు. వాచ్‌మన్, అరవై ఏళ్ళాయన, లెక్కపెట్టడానికి నిలబడ్డాడు. "భాయ్, నా చేతులు బాగాలేవు. ఆయన్ని పట్టమందాం" అన్నాను మెల్లగా. భాయ్ నావైపు తిరిగి, "వేరేటోళ్ళు పడితే నాకేం లాభం? నువ్వే పట్టాలె" అన్నాడు. ఉద్యోగం, పేరు, అంతా తెచ్చి, ఒకసారి వదిలేసిన ఈ చేతుల్లోనే పెట్టాడు. పిచ్చా, పొగరా అనుకున్నాను. రెండూ కాదని తర్వాత తెలిసింది.

మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. పది. వాచ్‌మన్ గట్టిగా లెక్కపెడుతున్నాడు. ఇరవై దాటాక మేనేజర్ గారు ఫోన్ జేబులో పెట్టేశారు. యాభై దగ్గర భాయ్ జెర్సీ మొత్తం తడిసిపోయింది. అరవై దగ్గర మేనేజర్ గారు "చాల్లే, చూశాం" అన్నారు. "నూరన్న" అన్నాడు భాయ్, లేవకుండానే. డెబ్బై. ఎనభై. నా మోకాలు సిమెంటు మీద ఒరుసుకుపోయి రక్తం వస్తోంది, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ప్రతి బంతీ అదే ఎత్తున వచ్చి చేతుల్లో పడుతోంది.

ఎనభై ఏడోది వచ్చింది. చేతుల్లోకే వచ్చింది. వేళ్ళు ముడుచుకోలేదు. జారి, దొర్లుకుంటూ స్కూటర్ల కిందికి పోయింది.

"సార్, దీన్ని లెక్కల వేయాల్నా వద్దా?" అన్నాడు వాచ్‌మన్. మేనేజర్ గారు ఊపిరి వదిలి, జేబులోంచి పెన్ను తీశారు. "పోయిందిగా భాయ్. మాటంటే మాటే" అన్నారు. భాయ్ లేవలేదు, వాదించలేదు. అలాగే వంగి, కాళ్ళ మధ్యనుంచి నన్ను చూస్తున్నాడు. మొహమంతా రక్తం దిగి ఎర్రగా ఉంది. బతిమాలడం లేదు, కోపం లేదు. ఎదురుచూస్తున్నాడు, అంతే.

"బంతి సరిగ్గానే వచ్చిందండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "నేను వదిలేశాను. ఫైనల్లో కూడా అంతే. చెయ్యి చూపించి, మొక్కుకుంటూ కూర్చున్నాను. భాయ్ ఒక్క బంతి కూడా తప్పు వేయలేదు. కాగితం మీద నా పేరు రాయండి, సంతకం నేను పెడతాను."

"ఏంటయ్యా ఇది! ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు? తెలుసా, నీ పేరు జాబితాలోంచి కొట్టేస్తాను!" మేనేజర్ గారి కేకకి సెల్లార్ అదిరింది.

"వాని పేరు తర్వాత కొట్టేద్దురు సార్" అన్నాడు భాయ్, తల కిందికే పెట్టుకుని. "ఇంకా పదమూడున్నయ్. తమ్మీ, బంతి తెచ్చియ్యి."

స్కూటర్ల కిందికి పాకి బంతి తెచ్చాను. ఆయన ముందు పెట్టి, వెనక్కొచ్చి, రక్తం కారుతున్న మోకాలి మీదే కూర్చున్నాను. వాచ్‌మన్ మేనేజర్ గారి వైపు చూశాడు. ఆయన పెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డారు, అవుననలేదు, కాదనలేదు. బంతి వచ్చింది. వచ్చి నా చేతుల్లో కూర్చుంది.

వాచ్‌మన్ ఇంక ఎవర్నీ అడగలేదు.

"ఎనభై ఎనిమిది" అన్నాడు.